పాదిరి మింగిన పేరు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. సముద్రానికి అవతల టర్కీ కొండల మీద నల్లమబ్బు గుంపుగా లేచి, నీళ్ల మీద సగం దూరం వచ్చి, అక్కడే బరువుగా కూచుంది. ఇటు లెస్వోస్ దీవి కొండల నెత్తిన మాత్రం పల్చటి వెలుతురు. గాలి లేదు. పైన్ చెట్ల ఆకు ఒక్కటీ కదలడం లేదు. ఈ వాన దిగిందంటే చెట్ల బంక తీసే పని ఈ ఏటికి సరి అనుకుంటూ ఇగ్నాతిస్ గుడిసె గడపలో నిలబడి చూశాడు. చూసి చూసి కళ్లు కిందికి దించేసరికి, బాటలో నల్లగుడ్డ కప్పుకున్న ఆడమనిషి ఎక్కి వస్తూ కనిపించింది.

కిందటి వారం అతన్ని మనం వదిలింది ఆ గడపలోనే. ఇరవై నాలుగేళ్లలో ఊరివాళ్లెవరూ ఆ బాట ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో మరచినవాళ్ల కోసం నాలుగు మాటలు.

1950లో, ఆగస్టు పదిహేను మరియమ్మ పండుగనాడు, చర్చి కిటకిటలాడుతుండగా పాదిరి ఒక కాగితం చదివాడు. ఖైదీల దీవి నుంచి వచ్చిన కాగితం అది. ‘ఇగ్నాతిస్ కరవెల్లిస్ అనే నేను కమ్యూనిస్టు పార్టీ మాటలకు మోసపోయాను, దాన్ని విడిచిపెట్టాను, ఊరు నన్ను క్షమించాలి’ అని. అప్పట్లో ఆ దీవిలో, నాలుగు నెలల కింద పట్టుకుపోయిన ఈ ఊరి ఇగ్నాతిస్ కరవెల్లిస్‌లు ఇద్దరున్నారు. అన్నదమ్ముల బిడ్డలు. తాత పేరు మనవడికి పెట్టక తప్పదు కాబట్టి, అన్న ప్రొకోపిస్ తన పెద్దకొడుక్కి తండ్రి పేరు పెట్టుకున్నాడు, తమ్ముడు దూకాస్ తన పెద్దకొడుక్కి అదే పెట్టుకున్నాడు. ఊరు వాళ్లను నల్ల ఇగ్నాతిస్, తెల్ల ఇగ్నాతిస్ అని ఒంటిరంగుతో వేరుచేసుకుంది. కాగితాలకు రంగు తెలియదు.

ఆ అక్టోబరులో ఇద్దరూ ఒకే పడవ దిగారు. తెల్ల ఇగ్నాతిస్‌కు రక్తం పడుతోంది. నల్ల ఇగ్నాతిస్ అతన్ని రేవు నుంచి ఊరిదాకా వీపున మోసుకొచ్చాడు. తెల్లవాడు నెల తిరక్కుండా పోయాడు. నల్లవాడు బతికాడు. లొంగింది ఎవడని పార్టీవాళ్లు పెద్దగా ఆలోచించలేదు. చచ్చినవాడు లొంగి ఉండడు, బతికినవాడే లొంగి ఉంటాడు. “నేను పెట్టలేదు సంతకం” అన్నాడు నల్ల ఇగ్నాతిస్. “పెట్టినవాళ్లంతా అనే మాటే అది” అన్నారు. వెలివేశారు.

యాభై రెండులో పార్టీ మారుపేరుతో ఊళ్లో గది తెరిచింది. అతను వెళ్లి వెనక బెంచీ మీద కూచుంటే, ఆ బెంచీ మీది నలుగురూ లేచి ముందుకు పోయారు. యాభై ఎనిమిది ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఎర్రవాళ్లు రెండోస్థానానికి వచ్చినప్పుడు ఊరంతా ఆడింది. తన ఓటు కూడా అందులో ఉందని అతను కొండమీద గాడిదకు చెప్పుకున్నాడు. అరవై ఏడులో మిలిటరీవాళ్లు వచ్చి ఎర్రవాళ్లను మళ్లీ దీవులకు ఎక్కించినప్పుడు అతన్నీ ఎక్కించారు. పడవలో కూడా ఎవరూ పక్కన కూచోలేదు. ఊళ్లో రెండు కాఫీ కొట్లున్నాయి. ఎర్రవాళ్ల కొట్లో అతనికి కుర్చీ లేదు. రాజుగారి పక్షం కొట్లో ‘రావయ్యా, బుద్ధొచ్చినవాడివి’ అని పిలిచేవాళ్లు, అక్కడికి అతను పోడు. రెంటికీ చెడ్డ రేవడై కొండెక్కాడు.

ఇప్పుడు డెబ్బై నాలుగు. మిలిటరీ పోయింది. ఇరవై ఏడేళ్ల తరవాత పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. సొంత పేరుతో, సొంత జెండాతో, వచ్చే ఆదివారం ఊళ్లో గది తెరుస్తున్నారు.

బాట ఎక్కి వస్తున్న మనిషి దగ్గరికొచ్చింది. మిర్సిని. తెల్ల ఇగ్నాతిస్ భార్య. ఆ కాగితం చదివిన పాదిరి కూతురు.

“నీళ్లిస్తావా, బావా,” అంది.

అతను కూజాలోంచి వంచి ఇచ్చాడు. ఆమె గడప పక్క రాతి మీద కూచుని గ్లాసు రెండుచేతులా పట్టుకుని తాగింది. ఇరవై ఆరేళ్లప్పుడు చూసిన మొహాన్ని యాభై ఏళ్ల మొహంలో వెతుక్కోవడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. చర్చి వాకిట్లో దూరంనుంచి చూడటం వేరు, గ్లాసు అందించేంత దగ్గర చూడటం వేరు.

“ఇంట్లో అంతా కులాసానా?” అన్నాడు. శనివారం నుంచి మనిషితో మాట్లాడకపోవడంతో గొంతు బొంగురుగా వచ్చింది.

“అబ్బాయి బాగానే ఉన్నాడు. కోడలికి ఏడోనెల.”

“మగపిల్లాడైతే?”

“ఇంకేం పెడతాం. ఇగ్నాతిస్.”

“ఊళ్లోకి ఇంకో ఇగ్నాతిస్ కరవెల్లిస్ దిగుతున్నాడన్నమాట.” అతను నవ్వబోయాడు.

ఆమె నవ్వలేదు. “అందుకే వచ్చాను,” అంది.

రవికె లోపలినుంచి చేతిరుమాలు తీసి, ముడి విప్పి, నాలుగు మడతల కాగితం అందించింది. మడతల దగ్గర చిరుగులు పట్టి పచ్చబారి ఉంది. కింద ఊదారంగు ముద్ర. ఇగ్నాతిస్ ఊరి బళ్లో ఆరు చదివినవాడు. పెదవులు కదుపుతూ, వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివాడు. ‘ఇగ్నాతిస్ కరవెల్లిస్ అనే నేను, తండ్రి పేరు’ అన్నచోట వేలు ఆగింది. మళ్లీ వెనక్కొచ్చి చదివాడు.

“దూకాస్ అని ఉంది.”

“ఉంది.”

“మా నాన్న ప్రొకోపిస్.”

“తెలుసు, బావా.”

చెట్లలో ఎక్కడో పిట్ట ఒకటి టకటకమని బెరడు పొడిచి ఊరుకుంది. ఇగ్నాతిస్ కాగితాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపుచేస్తూ కూచున్నాడు. ఆ సంతకాన్ని అతను ఎరుగును. బళ్లో ఒకే బల్ల మీద ఒకే పలక మీద ఇద్దరూ ఒకే పేరు దిద్దుకున్నారు. తెల్లవాడు చివరి అక్షరానికి తోక తిప్పేవాడు. ఆ తోక ఇక్కడ ఉంది.

“చర్చిలో ఈ పేరు చదవలేదంట కదా మీ నాన్న.”

“చదవలేదు. ఆ పేరు దగ్గరకొచ్చేసరికి దగ్గాడు. నేను ఆడవాళ్ల వైపు ముందు వరసలో ఉన్నాను. మా నాన్న నలభై ఏళ్లు సేవ చేశాడు, చర్చిలో ఒక్కనాడు దగ్గడం నేనెరగను. దగ్గి, గుటక మింగి, ఆ తరవాతి మాట అందుకున్నాడు. ఎదురుగా కూతురు ఐదునెలల కడుపుతో నిలబడి ఉంటే అల్లుడి పేరెలా చదువుతాడు? ఇంటికొచ్చి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మొన్న ఆయన పోయాక పెట్టె తెరిచాను.”

“అయితే నీకు మొన్ననే తెలిసింది.”

మిర్సిని గ్లాసు నేలమీద పెట్టింది.

“కాదు,” అంది. “మా ఆయనే చెప్పాడు నాకు. పోయే ముందు. మూడు రోజులు నిన్నే పిలిచాడు. ‘ఇగ్నాతిస్‌ని పిలువు, వాడికి చెప్పాలి’ అని. రోజూ వచ్చేవాడివి నువ్వు గుమ్మందాకా. నిద్రపోతున్నాడని చెప్పి పంపేదాన్ని.”

“అవును. చెప్పావు.”

“నిద్రపోలేదు.”

ఇగ్నాతిస్ బంక గీకే కత్తి పక్కన పడి ఉంటే తీసుకుని, బొటనవేలి గోరుతో దాని అంచుకు అంటిన బంకను కొంచెంకొంచెంగా గిల్లసాగాడు. ఇరవై నాలుగేళ్లుగా అతను ఒక గుమాస్తాను తిడుతూ వచ్చాడు. దీవిలో బల్ల వెనక కూచున్న గుమాస్తా, చేసినవాడివీ చేయనివాడివీ కలిపి దొంగ సంతకాలు గిలికిన గుమాస్తా. వాడికి లావు వేళ్లు, వేళ్లకు సిరా మరకలు ఉంటాయని కూడా అనుకున్నాడు. ఒక్కో చెట్టుకూ గాటు పెడుతూ వాడితో వాదించేవాడు. చలికాలం మంట దగ్గర కూచున్నప్పుడు వాడు ఎదురుగా కూచునేవాడు. ఇప్పుడు ఆ గుమాస్తా లేడు. ఎప్పుడూ లేడు. శత్రువనుకున్న ఆ ఒక్కడూ పోయేసరికి గుడిసె మరీ బోసిగా అనిపించింది.

“దెబ్బలకు ఓర్వలేకపోయాడా?” అన్నాడు చివరికి.

“తన దెబ్బలకు కాదంట. గుడారం అవతల నిన్ను కొడుతుంటే విన్నాడంట, వరసగా పది రాత్రులు. సంతకం పెడితే ఇద్దర్నీ ఒకే పడవలో పంపిస్తామన్నారంట. అది నిజమో, తనకు తాను చెప్పుకున్నాడో నాకు తెలియదు బావా. చచ్చేవాడి మాట. నేను విన్నది చెబుతున్నాను.”

ఒకే పడవ. తనను ఎందుకు వదిలారో ఇగ్నాతిస్‌కు ఏనాడూ తెలియలేదు. ఒక పొద్దున పేరు పిలిచి పొమ్మన్నారు. ఊళ్లోవాళ్లు అడిగినప్పుడల్లా అతని దగ్గర జవాబు లేనిది ఆ ఒక్క ప్రశ్నకే. ‘పెట్టకపోతే ఎలా వదిలారురా?’

“ఎందుకు తెచ్చావు మిర్సినీ ఇది?”

“కాల్చబోయాను. రెండుసార్లు పొయ్యి దగ్గరకు తీసుకెళ్లాను. ఆదివారం గదిలో ఆయన ఫొటో కడుతున్నారు, తెలుసుగా. నా కొడుకు దాని మీది గుడ్డ తీస్తాడంట. దండ కుట్టమని నాకు చెప్పారు. కుడుతూ కూచున్నాను. సూది కదల్లేదు. ఇక నీ ఇష్టం. చూపిస్తావో, చించేస్తావో.”

“నా ఇష్టమా.” అతను మొదటిసారి తలెత్తి సూటిగా చూశాడు. గొంతు పెంచలేదు. “వాడు పోయిన నలభయ్యోనాడు చర్చి గుమ్మంలో గుగ్గిళ్లు పంచావు. గుర్తుందా? పళ్లెం అందరి ముందుకూ తిప్పి, నా ముందునుంచి మాత్రం ఆపకుండా లాక్కెళ్లావు. నాకు పెట్టనిది ఎందుకో ఆవేళే తెలుసు నీకు. ఇన్నేళ్లు నువ్వు మోసి, చేతులు నొప్పెట్టాక తెచ్చి నా నెత్తిన పెట్టి, నీ ఇష్టం అంటావా?”

“అంటాను,” అంది ఆమె. “తిట్టు. ఊళ్లో అందరూ నాకు దండాలు పెట్టేవాళ్లే. ఇలా మాట్లాడేవాళ్లు లేరు నాకు.”

అతను ఇంకేదో అనబోయాడు గానీ, కింద బాటలో రాయి దొర్లిన చప్పుడైంది. ఇద్దరూ చూశారు. చేతికర్ర, మెరుగుపెట్టిన బూట్లు, చంకలో తోలు సంచి. మంగలి పరస్కెవాస్. ఊరి శాఖ కార్యదర్శి. యాభై చివర్లో ఇగ్నాతిస్‌ను వెలివేస్తూ చెయ్యి మొదట ఎత్తిందీ అతనే. మిర్సిని లేచింది గానీ, దిగిపోవడానికి ఇంకో బాట లేదు. ఇగ్నాతిస్ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని బొత్తం వేశాడు.

పరస్కెవాస్ పైకొచ్చి, నడుం మీద చెయ్యివేసి, కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు.

“మనుషులుండే చోటేనా ఇది. మేకలు కూడా ఆలోచించి ఎక్కుతాయి.” అప్పుడు మిర్సినిని చూశాడు. “అమ్మా, నువ్వేంటి ఇక్కడ?”

“మేకకు గిట్టలో పుండు. బంక కోసం వచ్చాను.”

“అబ్బాయిని పంపితే పోయేది కదా.” అంతకు మించి అడగలేదు. ఇగ్నాతిస్ తలవైపు కన్నార్పకుండా చూస్తున్నాడు. “నీ జుట్టెవడు కోశాడయ్యా? మేక మేసినట్టుంది.”

“నాకు నేనే. ఊళ్లో మంగలి ఉన్నాడు గానీ, వాడికి ఇరవై నాలుగేళ్లుగా తీరిక లేదు.”

పరస్కెవాస్ మొహం కొంచెం ఎర్రబడింది. రాతి మీద కూచుని, బూటు విప్పి, లోపలి రాయి దులిపాడు. అది దులపడానికి కావలసినదానికన్నా ఎక్కువసేపు దులిపాడు.

“తీరిక చేసుకునే వచ్చాను, కామ్రేడ్ ఇగ్నాతిస్.”

ఆ మాట మరో మనిషి నోట విని ఇగ్నాతిస్‌కు ఇరవై నాలుగేళ్లయింది. గాడిద తప్ప వినేవాళ్లు లేని కొండమీద, ఎన్నో రాత్రులు, వేరే మనిషి గొంతు పెట్టి తనను తానే అలా పిలుచుకుని చూశాడు. పైకి మాత్రం, “చెప్పు,” అన్నాడు.

“పైనుంచి మాట వచ్చింది. అప్పట్లో లొంగినవాళ్లను కూడా కలుపుకోమని. పాతది పాతదే అని.” పరస్కెవాస్ గొంతు తగ్గించాడు, వినేవాళ్లు ఎవరున్నారని. “నీకు తెలియనిదేముంది. అరవై ఎనిమిదిలో పార్టీ రెండుగా చీలింది. మన ఊళ్లో ఉన్నది తొమ్మిదిమంది. మాస్కో ఏమంటే అదేననేవాళ్లు అటు అయిదుగురు. ఇటు మేం నలుగురం. గది ఒకటే, తాళాలు రెండు. పొద్దున వాళ్లు తీస్తే గానీ మేం తీయలేం. నువ్వొస్తే అయిదూ అయిదూ.”

“అయిదూ అయిదూ అయితే ఏమవుతుంది?”

“ఏమీ అవదు. కానీ నలుగురం కాదు కదా.”

మిర్సిని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

పరస్కెవాస్ తోలు సంచిలోంచి ఒక తెల్లకాగితం, ఒక కలం తీసి రాతి బల్ల మీద పెట్టాడు. “చిన్న ఆత్మవిమర్శ. పద్ధతి కాబట్టి తప్పదు. నువ్వు శ్రమపడక్కర్లేదు, రాసే తెచ్చాను. సంతకం పెడితే చాలు. ఆదివారం అందరిముందూ చదువుతాను, చదివి కార్డు నీ చేతిలో పెడతాను. తెల్ల ఇగ్నాతిస్ ఫొటో పక్కన నువ్వు నిలబడతావు. అన్నదమ్ములు. చూడ్డానికి నిండుగా ఉంటుంది.”

ఇగ్నాతిస్ వంగి చదివాడు. ‘ఇగ్నాతిస్ కరవెల్లిస్ అనే నేను, తండ్రి పేరు ప్రొకోపిస్, 1950లో శత్రువుకు లొంగి సంతకం చేశానని ఒప్పుకుంటున్నాను.’

“తండ్రి పేరు రాశావే,” అన్నాడు.

“రాయకపోతే ఎలా? ఊళ్లో ఆ పేరువాళ్లు ఇద్దరాయె. పోయిన మహానుభావుడి మీదికి పోకూడదు కదా మచ్చ.”

ఇగ్నాతిస్ చాలాసేపు ఆ అక్షరాలు చూశాడు. పది రాత్రులు దెబ్బలు తిని పెట్టని సంతకం. ఆ ఒక్కటే అతని ఆస్తి. అది ఇస్తే బెంచీ మీద చోటు, కాఫీ కొట్లో కుర్చీ, చచ్చేనాడు మోయడానికి నలుగురు. జేబులోని రెండో కాగితం తీస్తే ఏదీ ఇవ్వక్కర్లేదు. కానీ గోడమీది ఫొటో దిగాలి. ఆ ఫొటో మీద గుడ్డ తీయబోయేవాడు, తండ్రిని చూడకుండా పుట్టినవాడు, ఊళ్లోకి తలెత్తుకు రాకూడదు. వాడి కడుపున పుట్టబోయేవాడికి ఆ పేరు పెట్టకూడదు.

“ఏమంటావు?” అన్నాడు పరస్కెవాస్. “నేను కిందికి దిగేసరికి ఒక మాట కావాలి. అవతలివాళ్లు కూడా నీ దగ్గరికి మనిషిని పంపేటట్టున్నారు.”

“శనగలు ఉడికాయి,” అన్నాడు ఇగ్నాతిస్. “ముందు తిందాం. తిన్నాక చెబుతాను. తినేటప్పుడు మాట్లాడితే మా అమ్మ ఊరుకునేది కాదు.”

లోపలికెళ్లి మట్టికుండ దించి తెచ్చాడు. రెండు పళ్లేలే ఉన్నాయి. మూడోదానికి చెట్లకు కట్టే రేకు చిప్పల్లో బంక పట్టని కొత్తది ఒకటి కడిగాడు, అది తను తీసుకున్నాడు. శనగల మీద ఆలివ్ నూనె పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి, ఎండిన సార్డీన్ చేప ఒక్కొక్కటి వేశాడు. రొట్టె గుండెకానించి మూడు ముక్కలు కోశాడు. మిర్సినికి ఇచ్చాడు. పరస్కెవాస్‌కు చాచాడు.

పరస్కెవాస్ ఆ ముక్క వంక చూశాడు. ఈ మనిషితో రొట్టె విరవకూడదని తీర్మానం రాసిన చెయ్యి అతనిది. ఆ చెయ్యి కర్ర మీద కాసేపు ఆగి, తరవాత చాచి అందుకుంది. విరిచి నోట్లో పెట్టుకున్నాడు.

ముగ్గురూ తిన్నారు. చెంచాలు పళ్లేలకు తగులుతున్నాయి. మిర్సిని చేపముల్లు తీసి ఆకుమీద పెట్టింది. పరస్కెవాస్ ఆకలిగా ఉన్నట్టున్నాడు, గబగబా తిని, రొట్టెతో పళ్లెం తుడిచి, చేతులు దులుపుకుని, కలాన్ని కొంచెం ముందుకు జరిపాడు. మిర్సిని సగంలోనే చెంచా దించేసింది.

ఇగ్నాతిస్ చిప్పలో శనగలు అయిపోయాయి. చేతిలో ఒక్క రొట్టెముక్క మిగిలింది. దాన్ని నూనెలో అద్ది నోట్లో పెట్టుకుని, తొందరేమీ లేనట్టు నమలసాగాడు. మిగతా ఇద్దరూ అతని నోటి వంకే చూస్తున్నారు.